లక్ష రూపాయల రాట్నము

చేతిపనులను గూర్చి ప్రసంగించునపుడు మనవారు వాని ప్రాచీనతను, సౌందర్యమును కొనియాడుదురు. ఆ పనులను బాగుచేయుటకై ఎవరు ఎంత ధనము వెచ్చించిరి, ఆ ధనమువలన ఏమి ఫలము కలిగెను అను విషయమును విచారించువారు అరుదు. మగ్గము మీదను, సారె మీదను, కొలిమి యొద్దను కూర్చుండి పనిచేయువానికి పరిశోధనతో ఏమి సంబంధమని కొందరు ప్రశ్నింతురు. సంబంధము కలదు. పనిముట్టు మారినచో కూలి మారును. కూలి మారినచో కుటుంబము మారును. పనిముట్టును మార్చుటకు ధనమిచ్చువాడు ఏ ప్రశ్న వేసి ఆ ధనమిచ్చెనో, ఆ ప్రశ్ననుబట్టియే మార్పు కలుగును. కావున ఇది పట్టణములందలి విద్యాలయములకు మాత్రమే చెందిన విషయమని పల్లెలవారు తలపరాదు.

ఈ రజతోత్సవ సంచికయందు పాఠక మహాశయులకు ఒక్క పనిముట్టు చరిత్రను నివేదించుచున్నాను. అది మన తాతమ్మల నాటి రాట్నము. ఒకప్పుడు దానిని బాగుచేయువానికి లక్ష రూపాయలు బహుమానమిత్తుమని ప్రకటన వెలువడినది. ఆ లక్ష రూపాయలు ఎవ్వరికిని దక్కలేదు. ఎందుచేత దక్కలేదో, దక్కకపోయినను దేశమునకు ఏమి మిగిలెనో తెలిసికొనుట నేటికిని ప్రయోజనకరము.

అటకమీది రాట్నములు

గాంధీ మహాత్ముడు 1909లో ‘హింద్ స్వరాజ్’ అను గ్రంథము వ్రాసెను. అందు చేనేతను గూర్చియు, చేతివడుకును గూర్చియు చెప్పినప్పటికి, తాను మగ్గమునుగాని రాట్నమునుగాని కన్నులార చూచినట్లు జ్ఞాపకము లేదని ఆయనయే తన ఆత్మకథయందు చెప్పికొనెను. సబర్మతీ ఆశ్రమమున మగ్గములు వెలసిన తరువాత నూలుకొఱకు మిల్లులను ఆశ్రయింపవలసి వచ్చెను. చేతితో వడికిన నూలు కావలెనన్నచో రాట్నము కావలెను. అది ఎక్కడ నున్నదో చెప్పువారు లేకపోయిరి.

1917లో భరూచి పట్టణమున జరిగిన విద్యాసభయందు గంగాబెన్ మజుందార్ అను సాహసవతియైన వితంతువు ఆయనకు పరిచయమయ్యెను. రాట్నమును వెదకిపెట్టు భారమును ఆమె వహించెను. గుజరాతు దేశమంతయు తిరిగి, తుదకు బరోడా సంస్థానమునందలి వీజాపురమున ఆమె రాట్నములను కనుగొనెను. అచ్చట అనేక గృహములందు రాట్నములు కలవు. కాని అవి పనికిమాలిన కఱ్ఱలుగా అటకల మీదికి చేరినవి. తమకు ఏకులు క్రమముగా నిచ్చి, వడికిన నూలును కొనువారున్నచో మరల వడుకుదుమని అచ్చటి స్త్రీలు చెప్పిరి.

ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. వారు అడిగినవి రెండే: ఏకులు, కొనుగోలు. క్రొత్త రాట్నమును వారు అడుగలేదు. తొలుత బొంబాయి మిల్లు యజమానియైన ఉమర్ సోబానీ తన మిల్లునుండి ఏకులను పంపెను. మిల్లు ఏకులతో వడికినది చేతివడుకు ఎట్లగునని గాంధీజీకి సందేహము కలిగెను. అంతట గంగాబెన్ ఒక దూదేకువానిని కుదిర్చెను. అతడు నెలకు 35 రూపాయలు అడిగెను. ఆ సమయమున ఏ వెలయైనను అధికము కాదని తాను భావించితినని గాంధీజీ వ్రాసెను. రాట్నోద్ధరణకై వెచ్చించిన తొలి ధనములలో ఆ దూదేకువాని జీతమొకటి. పనితెలిసిన వానికి తగిన జీతమిచ్చి అతని విద్యను నలుగురికి నేర్పించుట కూడ పరిశోధనయే.

ఈ ఉద్యమమునకు మన తెలుగుదేశముతో గట్టి సంబంధము కలదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము మూడు సంకల్పములు చేసెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చుట, కోటిమందిని సభ్యులుగా చేర్చుట, 20 లక్షల రాట్నములను త్రిప్పించుట అనునవి ఆ మూడు. 1923 డిసెంబరులో కాకినాడయందు జరిగిన కాంగ్రెసు మహాసభయందు అఖిల భారత ఖద్దరు మండలి ఏర్పడెను. 1925 సెప్టెంబరులో పాట్నాయందు అఖిల భారత చరఖా సంఘము స్థాపింపబడి, ఆ మండలి పనిని తనపైన వేసికొనెను.

వేయి రూపాయల వ్యాసము

రాట్నములు లక్షలుగా తిరుగనారంభించిన తరువాత వాని లోపములు బయల్పడినవి. ఒకచోట కదురు వంకర. ఒకచోట త్రాడు జారును. ఒకచోట నూలు పేలవమై మగ్గమున తెగును. నేతగాడు చేతినూలును చూచి ముఖము చిట్లించుకొనెను. ఒక్క పోగు తెగినచో అతడు పని ఆపి అతుకవలెను. ఆపిన కాలమునకు కూలి యెవ్వరిత్తురు? కావున నూలు బిగువుగాను సమముగాను ఉండవలెనన్న ఆవశ్యకత ఏర్పడెను.

ఈ విషయమున మొదట శాస్త్రదృష్టితో కృషి చేసినవాడు మగన్‌లాల్ గాంధి. ఆశ్రమమున ఖాదీ సాంకేతిక శాఖను నడపుచు, రాట్నము చక్రమునకును కదురునకును గల నిష్పత్తిని, పోగునకు ఎన్ని మెలికలు కావలెనను లెక్కను, దూది ఏకుటయందలి మెలకువలను పరిశీలించి, ‘చరఖా శాస్త్రము’ అను గ్రంథమును రచించెను. ముసలమ్మ వ్రేళ్లకు తెలిసిన విద్యకు అక్షరరూపము కల్పించిన ఈ పని సామాన్యమైనది కాదు. 1928 ఏప్రిలులో ఆయన పాట్నాయందు దివంగతుడయ్యెను.

ఈ లోపల మఱియొక ప్రయత్నము జరిగెను. బొంబాయి వర్తకుడు, గాంధీజీ మిత్రుడునైన రేవాశంకర్ జగ్జీవన్ ఝవేరి, చేతివడుకు చేనేతలను గూర్చిన ఉత్తమ వ్యాసమునకు 1000 రూపాయలు బహుమాన మిచ్చుటకు ముందుకు వచ్చెను. ఆ బహుమానము ఎస్. వి. పుణతాంబేకర్, ఎన్. ఎస్. వరదాచారి అను ఇరువురకు పంచబడెను. వారి రచనలు కలిపి ఒక్క గ్రంథముగా కూర్పబడి 1926లో చరఖా సంఘముచే ప్రకటింపబడెను. పూర్వము మన దేశమున చేతివడుకు ఎట్లుండెను, ఎట్లు క్షీణించెను, వ్యవసాయదారుల తీరిక కాలమునకు అది తగిన పని యగునా అను విషయములు అందు చర్చింపబడినవి.

వేయి రూపాయలకు ఒక గ్రంథము లభించెను. ఆ ధనము వ్యర్థము కాలేదు. ఏలయన, ఆ ధనము అడిగిన ప్రశ్న స్పష్టమైనది, సాధింపదగినది. ఖాదీపని చేయువారు ఎదిరిపక్షమువారి వాదములకు ప్రత్యుత్తరము చెప్పుటకు అది ఆధారమయ్యెను. గ్రంథాలయములను పోషించు మనకు ఇది గర్వకారణము. పరిశోధన ఫలము పుస్తకరూపమున నిలిచినపుడే పదిమందికి అందును.

లక్ష రూపాయల ప్రకటన

1929 జూలైలో చరఖా సంఘము లోకమునందలి యంత్రనిర్మాతలందరిని ఉద్దేశించి ఒక ప్రకటన చేసెను. తాము చెప్పు లక్షణములు గల రాట్నమును నిర్మించువానికి లక్ష రూపాయలు ఇచ్చెదమనియే ఆ ప్రకటన సారము. పోటీకి విదేశీయులుకూడ రావచ్చును. వడుకు స్త్రీకి దినమునకు ఒకటి రెండు అణాలు లభించు ఆ కాలమున లక్ష రూపాయలనగా ఎంతటి మొత్తమో ఊహింపవచ్చును. రూపాయికి పదునాఱు అణాలు. రోజునకు అణా చొప్పున లెక్కించినచో అది పదునాఱు లక్షల దినముల కూలి.

ఇచ్చు ధనముకంటె కోరిన లక్షణములే గమనింపదగినవి. రాట్నము తేలికగా ఉండవలెను. ఒకచోటినుండి మఱియొకచోటికి తీసికొనిపోవుటకు వీలుగా ఉండవలెను. మన దేశపు పూరియిండ్లలో చేతితోనో కాలితోనో సహజముగా త్రిప్పుటకు తగియుండవలెను. ఒక స్త్రీ ఎక్కువ శ్రమ లేకుండ ఎనిమిది గంటలు దానితో పనిచేయగలుగవలెను. చేతితో చేసిన ఏకులు దానికి సరిపడవలెను. లేనిచో దూదిని ఏకి ఏకులు చేయు సాధనమునుకూడ దానితోపాటు ఈయవలెను. 12 మొదలు 20 వరకు నంబరుగల నూలును నిర్ణీత పరిమాణమున వడుకవలెను. ఈ దేశమున తయారు చేయుటకు 150 రూపాయలకు మించరాదు. తగిన మరమ్మతులతో 20 సంవత్సరములు నిలువవలెను. ఏడాది మరమ్మతు ఖర్చు వెలలో నూటికి 5 వంతులకు మించరాదు. పోటీలో పాల్గొనువారు 1930 అక్టోబరు 30వ తేదీలోపల తమ ఖర్చుతో యంత్రమును సబర్మతీ ఆశ్రమమునకు పంపవలెను. బహుమానము కోరువాడు తన పేటెంటు హక్కును చరఖా సంఘమునకు ఒప్పగింపవలెను. పరీక్షకులుగా నియమింపబడినవారిలో సతీశచంద్ర దాసగుప్త, రాజశేఖర బోసు, చక్రవర్తి రాజగోపాలాచారి మున్నగువారు ఉండిరి.

నూలు నంబరు అనగా నేమో కొందరు పాఠకులకు తెలియకపోవచ్చును. 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను బరువునకు ఎన్ని చిలపలు తూగునో అది ఆ నూలు నంబరు. 12 నంబరు నూలు పౌనుకు 10,080 గజములు; 20 నంబరు నూలు 16,800 గజములు. నంబరు పెరిగినకొలది నూలు సన్నమగును. 12 మొదలు 20 వరకు అనగా కూలినాలి చేయువారు కట్టుకొను ముతక బట్టకు తగిన నూలన్నమాట.

ఈ షరతులను ఎవరి వైపునుండి వ్రాసిరో చూడుడు. మిల్లు యజమాని యంత్రమును కొనునపుడు ఎన్ని కదురులు, గంటకెంత నూలు అని అడుగును. ఇచ్చట అడిగినది వేఱు. అది ఇంటిలో పట్టునా? ఆడుదాని చేతికి బరువగునా? విరిగినచో బాగుచేయుటకు ఏడాదికెంత? ఏకులు ఎక్కడనుండి వచ్చును? హక్కు ఒక్క వర్తకుని చేతిలో చిక్కుకొనునా? అనగా వడుకు స్త్రీ తానే లేచి అడుగవలసిన ప్రశ్నలను ఆమె పక్షమున సంఘము అడిగెను. పరిశోధనకు ధనమిచ్చిన చరిత్రలో ఇట్టి ప్రశ్నావళి అరుదని చెప్పవచ్చును.

మఱి బహుమానము ఎందుకు దక్కలేదు? యంత్రములు రాకపోలేదు. వచ్చినవానిలో ఏదియు అన్ని షరతులకు నిలువలేదు. దీనికి కారణము ఆ షరతులలోనే కలదు.

పాత రాట్నమున వడుకునపుడు కుడిచేయి చక్రమును త్రిప్పును. ఎడమచేతి వ్రేళ్లు ఏకునుండి పోగును లాగును. ఆ వ్రేళ్లు లావు సన్నములను స్పర్శచేతనే గుర్తించి సరిదిద్దును. రెండవ కదురు చేర్చినచో రెండు చేతులును పోగు లాగుటకే కావలెను. చక్రమును కాలితో త్రొక్కవలెను. నాలుగు కదురులు పెట్టినచో చేతులు చాలవు; వ్రేళ్ల పనిని చిన్న రోలర్లకు అప్పగింపవలెను. రోలరుకు స్పర్శజ్ఞానము లేదు. ఏకు ఎట్లుండునో పోగు అట్లే వచ్చును. కావున ఏకు మిక్కిలి సమముగా ఉండవలెను. సమమైన ఏకుకొఱకు మఱియొక యంత్రము కావలెను. యంత్రములు పెరిగినకొలది బరువు, వెల, మరమ్మతు పెరుగును. ఒక షరతును నెరవేర్చబోయినచో మఱియొకటి తప్పిపోవుచుండెను. వ్రేళ్లలో నున్న విద్య ఎంతటిదో ఆ లక్ష రూపాయలు లోకమునకు వెల్లడించినవి.

బహుమానము లేకయే వచ్చిన మార్పులు

గడువు తేదీకి ముందే దేశస్థితి మారిపోయెను. 1930 మార్చి 12న గాంధీజీ ఉప్పు సత్యాగ్రహమునకు ఆశ్రమమును వీడెను. 1933లో సబర్మతీ ఆశ్రమమే మూసివేయబడెను. అయినను రాట్నపు పరిశోధన ఆగలేదు. ఎరవాడ కారాగృహమునందు గాంధీజీ చిన్న రాట్నములతో ప్రయోగములు చేసెను. పెట్టెలో ఇమిడిపోవు ఎరవాడ చరఖా ఆ ప్రయోగములనుండి వెలువడినది. అందు పెద్దచక్రము చిన్నచక్రమును, చిన్నచక్రము కదురును త్రిప్పును. కావున పెద్దచక్రము లేకయే కదురునకు వేగము కలుగును. ప్రభుదాస్ గాంధి కాలితో త్రొక్కు రెండు కదురుల రాట్నమును రూపొందించి, మగన్‌లాల్ జ్ఞాపకార్థము దానికి మగన్ చరఖా యని పేరిడెను. వీనికి లక్ష రూపాయల ప్రసక్తి లేదు. వడుకువారే పరిశోధకులగుట వీని విశేషము.

1934లో అఖిల భారత గ్రామోద్యోగ సంఘము ఏర్పడెను. వార్ధాయందు మగన్‌వాడి దాని నిలయము, జె. సి. కుమారప్ప దాని కార్యదర్శి. నూనెగానుగ, చేతికాగితము, తేనె మున్నగు పనులపై అచ్చట పరిశోధన సాగెను. 1938 డిసెంబరు 30న మగన్ సంగ్రహాలయమను ప్రదర్శనశాలను గాంధీజీ ప్రారంభించెను. పనివాడు మేలైన పనిముట్టును చూచి నేర్చుకొనుటకై అది ఉద్దేశింపబడినది.

ఈ కాలమున జరిగిన మఱియొక విచారణ అన్నిటికంటె ముఖ్యమైనది. అంతవరకు ఖాదీని చౌకచేయుట ఎట్లని అందరును ఆలోచించిరి. చౌకయగుటకు సులభమార్గము వడుకుకూలి తక్కువగా నుంచుట. 1935లో గాంధీజీ ఈ మార్గమును ఖండించెను. ఎనిమిది గంటలు వడికిన స్త్రీకి ఎనిమిది అణాలు దక్కవలెనని ఆయన కోరెను. అంత ఇచ్చుట సంఘమునకు సాధ్యము కాలేదు. అయినను ఆ యేడు అక్టోబరులో చరఖా సంఘము, మనుష్యునికి కావలసిన ఆహారమును శాస్త్రరీతిని లెక్కించి, దానిని ఆధారముగా కొని కనీసపు కూలిని నిర్ణయింపవలెనని తీర్మానించెను. ఖాదీ వెల పెరిగెను; అమ్మకము తగ్గునేమోయను భయమును కలిగెను. పోగు లెక్కనుండి పొట్ట లెక్కకు పరిశోధన మరలినది ఇచ్చటనే.

గజమునకు పావు అణా

స్వాతంత్ర్యానంతరము ఈ భారమును ప్రభుత్వము వహించెను. 1953లో అఖిల భారత ఖాదీ గ్రామోద్యోగ మండలి ఏర్పడెను. వైకుంఠలాల్ మెహతా దాని అధ్యక్షుడు. ఆ యేడే మిల్లుబట్టపై గజమునకు పావు అణా చొప్పున అదనపు సుంకము విధించు శాసనము చేయబడెను. ఆ సుంకపు రాబడి ఖాదీకిని చేనేతకును వినియోగింపవలెనని నిబంధన. అరువదినాలుగు గజముల మిల్లుబట్ట కొన్నచో ఒక రూపాయి చేతిపనులకు చేరెడిది. అనగా మిల్లుబట్ట కొన్న ప్రతి పల్లెటూరి కుటుంబమును ఈ నిధికి చందాదారే. 1956 నాటి శాసనమును అనుసరించి 1957లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆ మండలి స్థానమున వెలసెను. వార్ధాయందు 1955లో స్థాపింపబడిన జమ్నాలాల్ బజాజ్ కేంద్ర పరిశోధనాలయము, 2008లో మహాత్మాగాంధీ గ్రామీణ పారిశ్రామికీకరణ సంస్థగా మార్పు చెందెను.

అప్పటికే ఒక క్రొత్త రాట్నము దేశమును ఆకర్షించెను. తమిళదేశమునందలి తిరునల్వేలి జిల్లావాడైన ఏకాంబరనాథన్, మిల్లులందలి రోలర్ల విధానమును చిన్న కొయ్య యంత్రమున ఇమిడ్చి 1949 ప్రాంతమున ఒక రాట్నమును నిర్మించెను. అతని పేరనే దానికి అంబర్ చరఖా యని పేరు వచ్చెను. మండలి దానిని స్వీకరించి అభివృద్ధి చేయించెను. దూది ఏకుటకు ఒక సాధనము, ఏకును సాగదీసి సమము చేయుటకు బేల్నీ యను రెండవ సాధనము, నాలుగు కదురుల రాట్నము మూడవది. ఈ మూడును కలిసినదే అంబర్ చరఖా. పాత రాట్నముకంటె ఇది హెచ్చుగా వడికెను. లక్ష రూపాయలు సాధింపలేని దానిని ఒక పల్లెవాని పట్టుదల సాధించెనని జనులు సంతోషించిరి. 1955లో డి. జి. కార్వే అధ్యక్షతన చిన్నపరిశ్రమలను విచారించిన సంఘము కూడ దీనిపై ఆశలు పెట్టుకొనెను. ప్రభుత్వము పెద్ద యెత్తున దీనిని పంచిపెట్టెను.

ఫలితము మిశ్రమము. అనేకులకు పని దొరకెను. కాని రోలర్లు అరిగినచో మార్చువారు లేక, కొయ్యభాగములు వదులైనచో బిగించువారు లేక, పలుచోట్ల చరఖాలు మూలబడెను. వీజాపురమున పాత రాట్నములు చేరిన అటకలవంటి అటకలే వీనికిని ప్రాప్తించెను. 1960లో ప్రచురింపబడిన ఒక ప్రసిద్ధ గ్రంథమున అర్థశాస్త్రజ్ఞుడైన అమర్త్య సేన్ అంబర్ చరఖాను లెక్కలతో పరిశీలించి, అది మిగులు చూపజాలదని విమర్శించెను. పని లేక కూర్చున్న చేతులకు పని దొరకుటయే లాభమని ఖాదీవాదులు ప్రత్యుత్తరమిచ్చిరి. రెండు వాదములందును సత్యము కలదు. కాని 1929 నాటి షరతులతో పోల్చి చూచినచో లోపము ఎచ్చటనో స్పష్టమగును. ఇరువది యేండ్ల మన్నిక, నూటికి అయిదు వంతుల మరమ్మతు అను రెండు షరతులను పరీక్షించి నిర్ధారింపకమున్నే చరఖాలు ఇండ్లకు చేరినవి. ఎన్ని పంచితిమి అను ప్రశ్న ఎన్ని తిరుగుచున్నవి అను ప్రశ్నను మ్రింగివేసెను.

మరల ఏకుల ప్రశ్న

అంబర్ చరఖాకు సమమైన ఏకు కావలెనని చెప్పితిని. ఇంటిలో బేల్నీతో అది చేయుట కష్టమని తెలిసెను. తరువాతి దశాబ్దములలో ఖాదీ కమిషన్ కొన్ని ప్రదేశములందు ఏకులు తయారుచేయు పెద్ద కర్మాగారములను నెలకొల్పెను. బేళ్లుగా కట్టిన పత్తి అచ్చటికి చేరి, యంత్రములపై ఏకబడి, పెద్ద ఏకులై వడుకు కేంద్రములకు పోవుచున్నది. నూలు మెరుగయ్యెను, వడుకు సులభమయ్యెను. కాని వడుకు స్త్రీ పొరుగు చేనిలోని పత్తితో తానే ఏకు చేసికొను శక్తిని కోల్పోయెను. కర్మాగారమునుండి ఏకులు రానినాడు ఆమె రాట్నము కదలదు. ఉమర్ సోబానీ మిల్లు ఏకులను చూచి గాంధీజీ పడిన సందేహమే మఱియొక రూపమున తిరిగి వచ్చెను.

ఈ చిక్కును గుర్తించి మన తెలుగుదేశమున 2000 సంవత్సరము తరువాత జరిగిన ప్రయత్నమొకటి స్మరింపదగినది. మల్ఖా అను పేర హైదరాబాదు కేంద్రముగా సాగిన ఈ కృషికి ఉజ్రమ్మ ముఖ్యప్రేరకురాలు. పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కి, మరల విడదీయుటలో పోగుల మార్దవము చెడునని గ్రహించి, నొక్కని పత్తిని చేనికి చేరువనే చిన్న యంత్రములపై నూలుగా చేసి చేనేతవారికి అందించుట ఆ ప్రయత్నము సారాంశము. ఇది చేతివడుకు కాదు. కాని ఆ ప్రశ్న మాత్రము పాత ప్రశ్నయే. చేనికిని మగ్గమునకును నడుమ నున్న దూరమును ఎట్లు తగ్గింతుము?

చేప దవడ చెప్పు పాఠము

శ్రీకాకుళము జిల్లాయందలి పొందూరు సన్నఖాదీని గూర్చి తెలియనివారు ఉండరు. అచ్చట 100 నంబరు నూలును, అంతకు సన్నని నూలును చేతితో వడుకుదురు. 100 నంబరనగా పౌను దూదినుండి 84,000 గజములు; దాదాపు నలుబది యెనిమిది మైళ్ల పొడవు. ఇది ఎట్లు సాధ్యము? గింజతో నున్న పత్తిని మొదట వాలుగ చేప దవడతో దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్లు పోగులను చిక్కుదీసి, నలక తొలగించి, వరుసలో నిలుపును. పిమ్మట గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిడొప్పలలో మెత్తదనము చెడకుండ దాచుదురు. మిల్లులలో సన్ననూలుకై ప్రత్యేకముగా దువ్వు యంత్రములుండును. ఆ పనినే పొందూరు స్త్రీలు చేప దవడతో సాధించిరి.

ఈ విద్యను కనుగొన్న వారెవ్వరో ఎవ్వరెరుగరు. వారికి లక్ష రూపాయలు ఎవ్వరిచ్చిరి? తరతరములుగా తల్లి కూతునకు, అత్త కోడలికి నేర్పుచు వచ్చిన పరిశోధన యిది. దీనికి ఖర్చు లేదని తలంచుట పొరపాటు. ఈ విద్య నేర్చిన స్త్రీలు అల్పమైన కూలితో జీవితములు గడపిరి. ఆ పరిశోధనకు వ్యయమును వారే భరించిరి. కూలి చాలదని కూతుండ్రు ఈ పని నేర్వనినాడు, ఎన్ని కోట్లు వెచ్చించినను ఆ వ్రేళ్ల విద్యను తిరిగి కొనలేము. కావున చేతిపనిపై పరిశోధనకు వెచ్చించు ధనములో తొలి భాగము ఆ పని తెలిసినవారి కూలికే చెందవలెను. గంగాబెన్ దూదేకువానికి ఇప్పించిన 35 రూపాయల అర్థము ఇదియే.

మనము చేయదగినది

ఈ చరిత్రవలన మనకు తేలిన దేమి? వేయి రూపాయలు సాధింపదగిన ప్రశ్న నడిగి గ్రంథమును తెచ్చెను. లక్ష రూపాయలు వడుకు స్త్రీ పక్షమున ప్రశ్నలడిగి, యంత్రమును తేలేకపోయినను, యంత్రమును పరీక్షించు కొలతను మిగిల్చెను. సుంకపు ధనము యంత్రమును తెచ్చెను గాని ఆ కొలతను మరచెను. ధనము ఎక్కువయా తక్కువయా అను దానికంటె ప్రశ్న ఎవరిదను విషయమే ఫలమును నిర్ణయించినది.

నేడును చేతిపనులకు ప్రభుత్వములు, ధర్మసంస్థలు నిధులు ఇచ్చుచున్నవి. మన ఊరి మగ్గమునకో, కుమ్మరి సారెకో, మేదరి బుట్టకో క్రొత్త పనిముట్టు తెచ్చి చూపువారు వచ్చిన దినమున, పనివారు సిగ్గుపడక అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. విరిగినచో మన ఊరివాడే బాగుచేయగలడా? ముడిసరకు మన చేతిలో నుండునా, పరులచేతికి పోవునా? ఎనిమిది గంటల పనికి చేతికి వచ్చునదెంత? ఈ పరీక్షాకాలమున మేము పోగొట్టుకొను కూలిని ఎవరిత్తురు? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకని పనిముట్టు, ఎంత మెరుగుగా కనబడినను, తుదకు అటక ఎక్కును.

ఇందు గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. చేతిపని తెలిసిన వృద్ధులు మన నడుమ నుండగనే, వారు వాడు పనిముట్ల కొలతలను, పనిలోని క్రమమును, వారి నోట పలుకు మాటలలోనే, ఒక పుస్తకమున వ్రాయించి ఇచ్చట భద్రపరుపవలెను. ఒక్కొక్క పనికి ఎంత కాలము పట్టెను, ఎంత కూలి వచ్చెను అనునదికూడ అందు చేర్పవలెను. దీనికి లక్షలు అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, వ్రాయగల ఒక యువకుడు, చెప్పువారికి ఆ దినపు కూలి చాలును. నిధులతో వచ్చినవారు ఏమి పరిశోధింపవలెనని మనలను అడిగిననాడు, మన ప్రశ్నలు ఆ పుస్తకమున సిద్ధముగా ఉండును.